ఏం జరిగిందని కాదు, ఎవరు చెప్పారని

ఎపిసోడ్‌లో టైము చాలక వదిలేసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. విననివాళ్లకి కూడా అర్థమయ్యేలా మొదటినుంచీ చెప్తాను.

ముందే చెప్పేస్తున్నా, నేను చరిత్ర ప్రొఫెసర్ని కాదు. ఐటీఐ చదివి, దేశాలు పట్టుకుని తిరిగి, రంగూన్‌లో లమ్మడా అనే పేటలో బిల్డింగు పనికి సూపర్‌వైజర్‌గా వచ్చినవాణ్ణి. లమ్మడా అంటే వాళ్ల భాషలో పెద్ద రోడ్డు. దక్షిణాన నది, తూర్పున చైనావాళ్ల బజార్లు. వందేళ్ల కిందట కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడలెక్కి వచ్చిన మన కూలీలు బస్తాలు మోసింది ఈ నది ఒడ్డునే. కోరంగి పేరు మీదే బర్మావాళ్లు మనల్ని కోరంగీలు అన్నారు. 1930 మే నెలలో రేవు పని ఎవరికివ్వాలన్న గొడవ మీద ఇక్కడ జరిగిన అల్లర్లలో వందకు పైగా చనిపోయారు.

మనుషులొచ్చిన దారిలోనే ఇంకోటి కూడా వచ్చింది. 1923లో ఢిల్లీ ప్రభుత్వం చేసిన అధికార రహస్యాల చట్టం. అప్పటికి బర్మా మన దేశంలో ఒక రాష్ట్రం లాంటిది. 1937లో విడిపోయింది, 1948లో స్వాతంత్ర్యం వచ్చింది. తెల్లవాళ్లు వెళ్లిపోయారు గానీ చట్టం రెండు దేశాల్లోనూ ఉండిపోయింది. శత్రువుకి పనికొచ్చే మ్యాపు గానీ, ప్లాను గానీ, కాగితం గానీ దగ్గరుంటే బర్మాలో 14 ఏళ్ల దాకా జైలు.

ఈ చట్టం నీడలో ఇంటర్నెట్ వచ్చాక ఏం జరిగిందో చూడండి.

2009లో కొన్ని ఫోటోలు ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. కొత్త రాజధాని నేపిడా చుట్టుపక్కల కొండల కింద తవ్విన సొరంగాలు, అక్కడ ఉత్తర కొరియా నిపుణులు. 2003 నుంచి 2006 మధ్య తీసినవి. నాలాంటివాడు చూస్తే అవి మామూలు సైటు ఫోటోలు. పని ఎంతవరకు వచ్చిందో చూపించడానికి మేము రోజూ తీసేలాంటివే. కానీ జనానికి తెలియకుండా కడుతున్నప్పుడు సైటు ఫోటోయే దేశరహస్యం అయిపోతుంది. సైన్యంలో పెద్దాయన ష్వే మాన్ 2008లో రహస్యంగా ఉత్తర కొరియా వెళ్లొచ్చిన వివరాలు కూడా బయటపడ్డాయి. 2010 జనవరిలో ఒక మాజీ మేజరుకీ, విదేశాంగశాఖ ఉద్యోగికీ మరణశిక్ష వేశారు. సొరంగాలెందుకు, ఖర్చెంత అన్నవాటికి జనానికి జవాబు దొరకలేదు. ఎవరు బయటపెట్టారన్న ఒక్కదానికే ప్రభుత్వం జవాబు వెతికింది.

అదే ఏడాది సాయ్ థెయిన్ విన్ అనే సైనిక ఇంజనీరు దేశం దాటి వెళ్లిపోయాడు. మెషిన్ వర్క్‌షాపులో పనిచేసినవాడు. తయారైన భాగాల ఫోటోలు, డ్రాయింగులు పట్టుకెళ్లి, ఇవి అణు కార్యక్రమానివి అని ఓస్లో నుంచి నడిచే బర్మా వార్తాసంస్థకి ఇచ్చాడు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థలో పనిచేసిన రాబర్ట్ కెల్లీ అవి పరిశీలించి, ఉద్దేశం అణ్వాయుధమే, పనితనం మాత్రం నాసిరకం అన్నాడు. కొందరు నిపుణులు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం మంచిదే. ఫోటో బయటికొస్తేనే కదా తప్పో ఒప్పో తేల్చుకునేది!

ఇక అసలు కథ. 2017 సెప్టెంబర్ 2న రఖైన్ రాష్ట్రంలో ఇన్ డిన్ అనే ఊళ్లో 10 మంది రోహింగ్యా మగవాళ్లని చంపి ఒకే గోతిలో పూడ్చారు. చావుకి ముందు వాళ్లు వరసగా మోకాళ్ల మీద కూర్చున్న ఫోటో ఉంది. అదే ఊరి బౌద్ధ పెద్ద ఒకాయన ఆ ఫోటోల్ని రాయిటర్స్ విలేఖరులు వా లోన్, క్యా సో ఊలకి ఇచ్చాడు.

వాళ్లు కథనం రాస్తుండగానే, డిసెంబర్ 12న రంగూన్‌లో ఒక రెస్టారెంటుకి రమ్మని పోలీసులు పిలిచారు. చుట్టిన కాగితాలు చేతిలో పెట్టారు. బయటికి రాగానే పట్టుకున్నారు. కేసు అదే, 1923 చట్టం.

విచారణ వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. అరెస్టు నాటి నోట్సు కాల్చేశానని ఒక పోలీసు అధికారి కోర్టులో ఒప్పుకున్నాడు. అరెస్టు జరిగిన చోటు మర్చిపోకుండా ఇంకో సాక్షి అరచేతిలో రాసుకొచ్చాడు, పరీక్షకి చిట్టీ పట్టుకొచ్చిన పిల్లాడిలాగా.

2018 ఏప్రిల్ 20న పోలీసు కెప్టెన్ మో యాన్ నైంగ్ బోనెక్కాడు. ప్రభుత్వం తరఫు సాక్షి. అప్పటికే పోలీసుల అదుపులో ఉన్నాడు. వా లోన్‌ని రెస్టారెంటుకి పిలిచి కాగితాలిచ్చి ఇరికించమని బ్రిగేడియర్ జనరల్ టిన్ కో కో తన ముందే ఆజ్ఞాపించాడని, చెయ్యకపోతే మీరే జైలుకెళ్తారని బెదిరించాడని చెప్పాడు. పోలీసు శాఖ కాదంది. మర్నాడే నేపిడాలో పోలీసు క్వార్టర్స్ నుంచి అతని భార్యాపిల్లల్ని ఖాళీ చేయించారు. కొద్ది రోజులకే పోలీసు క్రమశిక్షణ చట్టం కింద అతనికి ఏడాది జైలు. అతని సాక్ష్యం నమ్మదగినదేనని జడ్జి అన్నాడు. అయినా సెప్టెంబర్ 3న విలేఖరులిద్దరికీ ఏడేళ్లు వేశాడు.

ఈలోగా రహస్యం రహస్యంగా మిగిలిందా? లేదు. విలేఖరులు లోపలుండగానే 2018 జనవరి 10న సైన్యమే తన ఫేస్‌బుక్ పేజీలో ఆ హత్యల్ని ఒప్పుకుంది. ఫిబ్రవరి 8న రాయిటర్స్ కథనం ప్రపంచమంతా చదివింది. ఏడుగురు సైనికులకి పదేళ్ల శిక్ష పడింది, ఏడాది తిరక్కుండానే వదిలేశారు. విలేఖరులు 511 రోజులు ఉండి, 2019 మే 7న క్షమాభిక్షతో బయటికొచ్చారు. అంటే చంపినవాళ్ల కన్నా రాసినవాళ్లే ఎక్కువ రోజులు జైల్లో ఉన్నారు.

బర్మా కదా, మనకెందుకు అనుకోకండి. సత్యేంద్ర దూబే పేరు నా రంగంలో ఉన్న ప్రతివాడూ తెలుసుకోవాలి. జాతీయ రహదారుల సంస్థలో ఇంజనీరు. బీహార్‌లో రోడ్డు పనుల్లో జరుగుతున్న అవినీతి గురించి 2002లో ప్రధానమంత్రికి ఉత్తరం రాస్తూ, నా పేరు బయటికి రానివ్వకండి అని అడిగాడు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసులన్నీ తిరిగింది. 2003 నవంబర్ 27న గయలో అతన్ని కాల్చి చంపారు. దోపిడీ దొంగల పనేనని కోర్టు తేల్చింది. కానీ పేరెందుకు దాచలేదన్న ప్రశ్న పోలేదు. ఆ కోపంలోంచే పుట్టి, చివరికి 2014లో ఫిర్యాదుదారుల రక్షణ చట్టం పాసయింది. ఏళ్లు గడిచినా దాన్ని అమల్లోకి తేలేదు. 1923 చట్టం మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు. మధ్యలో మనకి దక్కింది 2005 సమాచార హక్కు చట్టం. రహస్యాల చట్టం అడ్డొచ్చినా, ప్రజలకి మేలు ఎక్కువనుకుంటే సమాచారం ఇవ్వొచ్చని అందులో 8(2) సెక్షన్ చెప్తుంది. బర్మావాళ్లకి ఆ కిటికీ కూడా లేదు.

ఇది మంత్రులూ సైన్యాల వరకే కాదు. నేను చేసిన ఒక సైటులో కాంక్రీటు క్యూబులు టెస్టులో పగిలిపోయాయి. రిపోర్టులో మాత్రం పాసని రాశారు. ల్యాబు కుర్రాడు ఆ ఫోటో తీసి వైబర్ గ్రూపులో పెట్టాడు. మర్నాడు మీటింగులో స్తంభం గట్టిదా కాదా అని ఒక్కరూ అడగలేదు. ఫోటో ఎవరు తీశారని మూడుసార్లు అడిగారు. సాయంత్రానికి ఆ కుర్రాడికి లెక్క కట్టి పంపేశారు. నెల తర్వాత ఆ స్తంభం పగలగొట్టి మళ్లీ పోశాం. అంటే కుర్రాడు చెప్పింది నిజమే. అతన్ని మాత్రం ఎవరూ వెనక్కి పిలవలేదు.

మో యాన్ నైంగ్ 2019 ఫిబ్రవరిలో జైలు నుంచి బయటికొచ్చాడు. వా లోన్, క్యా సో ఊల పనికి ఆ ఏడాది పులిట్జర్ వచ్చింది, రావాల్సిందే. ఆ కెప్టెన్‌కి బహుమతి ఏమీ లేదు, పైగా ఇల్లు పోయింది. మీ ఆఫీసులోనో, మీ సైటులోనో ఎవరైనా ఒక కాగితం బయటపెడితే, ముందు ఆ కాగితం చదవండి. ఎవరు తెచ్చారన్నది తర్వాత.