ప్రమాణానికి రెండు అర్థాలు

ఈ పోస్టు రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. కారణం ఒక్క మాట. ఆ మాట ఏమిటో చివర్లో చెప్తాను.

మేం చికాగో దగ్గర ఉంటాం. మా ఇంటి వెనక గూడ్సు బండ్లు తిరుగుతాయి. ఒకరోజు అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే ధన్‌మని పెద్ద చప్పుడు వచ్చింది.

"గదేం చప్పుడు బిడ్డా?" అంది అమ్మమ్మ.

"బోగీలు తగిలిస్తున్నారు అమ్మమ్మా."

"నడుమ మనిషి ఉన్నడా?"

లేడని చెప్పాను. వాటంతట అవే తగులుకుంటాయని కూడా చెప్పాను. అమ్మమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. మా తాతయ్య కాజీపేటలో షంటింగ్ పని చేసేవారు. అప్పట్లో ఇంజను వెనక్కి వచ్చి బోగీకి ఆనగానే ఒక మనిషి రెండింటి మధ్యకు వంగి వెళ్లి, కొక్కేనికి కప్లింగ్ తగిలించి, దాని మర బిగించాలి. "బండి కదలదని ఒకడు మాటిస్తేనే ఇంకొకడు నడుమకు పోతడు" అనేవారట తాతయ్య.

ఇక్కడ ఆ మనిషి మధ్యలోంచి ఎప్పుడు బయటికి వచ్చాడు? అది తెలుసుకోవాలని చదవడం మొదలుపెట్టాను.

అమెరికాలో 19వ శతాబ్దంలో గూడ్సు బోగీలను ఒక ఇనుప లంకెతో, ఒక మేకుతో కలిపేవారు. బోగీ దగ్గరికి వస్తుండగా పనివాడు మధ్యలో నిలబడి, లంకెను చేత్తో పట్టుకుని ఎదుటి రంధ్రంలోకి పెట్టి, పైనుంచి మేకు దించాలి. ఒక్క క్షణం తప్పితే వేళ్లు పోయేవి. ఒక్కోసారి ప్రాణమే పోయేది. 1888 జూన్‌తో ముగిసిన ఏడాదిలో 2,000 మందికి పైగా రైల్వే ఉద్యోగులు చనిపోయారని, 20,000 మందికి పైగా గాయపడ్డారని అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ 1889లో కాంగ్రెస్‌కు చెప్పారు. వీళ్లందరూ బోగీలు తగిలిస్తూ గాయపడినవాళ్లు కారు. కానీ అది చాలా ప్రమాదకరమైన పనుల్లో ఒకటి.

మంచి కొక్కెం లేక కాదు ఈ కష్టం. కొత్త కొక్కేలకు వేల సంఖ్యలో పేటెంట్లు వచ్చాయి. కానీ ఒక కంపెనీ బోగీ ఇంకో కంపెనీ పట్టాల మీద కూడా నడవాలి. నా కొక్కెం ఎంత గొప్పదైనా మీ కొక్కేనికి తగులుకోకపోతే, మళ్లీ మధ్యలోకి మనిషే వెళ్లాలి.

అందుకే ఇది ఒక్క కంపెనీ తేల్చే విషయం కాదు. బోగీల తయారీ, మరమ్మతులు చూసే అధికారులు 1867లో మాస్టర్ కార్ బిల్డర్స్ అసోసియేషన్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. ఏటా సమావేశమయ్యేవారు. ఒక్కో సమస్యకు ఒక్కో కమిటీ వేసేవారు. కమిటీ పరీక్షలు చేసి నివేదిక ఇస్తుంది. సభ్యులు ఉత్తరాల ద్వారా ఓటు వేస్తారు. 1885లో బఫెలో నగరంలో రకరకాల కొక్కేలను ఇలాగే పరీక్షించారు. 1887లో ఈలై జానీ తయారుచేసిన రకానికి సంఘం ఓటు వేసింది.

జానీ 1873లో దానికి పేటెంట్ తీసుకున్నారు. దాన్ని అర్థం చేసుకోవాలంటే మీ రెండు చేతుల వేళ్లు వంచి, ఒకదానిలో ఒకటి కొక్కెంలా తగిలించండి. అదే ఆ ఆకారం. ఢీకొనగానే రెండూ పట్టుకుంటాయి.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటి ఉంది. కమిటీ కొక్కెం మొత్తాన్ని ఒకేలా చేయమనలేదు. తగులుకునే భాగం వంపు మాత్రం ఒకేలా ఉండాలంది. లోపలి ఏర్పాటు ఎవరిష్టం వాళ్లది. ఆ వంపు మీద తన పేటెంట్ హక్కును జానీ వదులుకున్నారు. దాంతో ఎవరైనా ఆ వంపుతో కొక్కేలు తయారుచేయగలిగారు.

అయినా పని అంతటితో అయిపోలేదు. సంఘం మాట సలహా మాత్రమే, ఆజ్ఞ కాదు. మార్చాలంటే ఖర్చు. పైగా కమిటీలో కూర్చున్నవాళ్లు అధికారులు. బోగీల మధ్యకు వెళ్లేది వేరేవాళ్లు. అయోవాలో రైల్వే కమిషనర్‌గా పనిచేసిన లోరెంజో కాఫిన్, కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి పోరాడాక 1893 మార్చి 2న చట్టం వచ్చింది. బోగీలు ఢీకొనగానే తగులుకోవాలి, విడదీయడానికి కూడా మనిషి మధ్యకు వెళ్లకూడదు అని ఆ చట్టం చెప్పింది. కొక్కెం ఎంత ఎత్తులో ఉండాలో తేల్చే పనిని అమెరికన్ రైల్వే అసోసియేషన్‌కు అప్పగించింది. గూడ్సు బోగీలకు వాళ్లు చెప్పిన కొలత పట్టా పైనుంచి 34½ అంగుళాలు. నిపుణుల కొలత అలా చట్టమైంది.

గడువు మొదట 1898 జనవరి 1. తర్వాత 1900 వరకు పొడిగించారు. ఆ ఏడాది ఆగస్టు 5న యూటాలోని ప్రొమాంటరీలో జాన్సన్ అనే బ్రేక్‌మన్ ఒక ఇంజనును భోజనాల బోగీకి తగిలించబోయాడు. ఇంజనుకు జానీ కొక్కెం, బోగీకి మిల్లర్ కొక్కెం. రెండూ తమ జాతి కొక్కెంతో అయితే తగులుకుంటాయి, ఒకదానితో ఒకటి తగులుకోవు. జాన్సన్ చెయ్యి నలిగిపోయింది, తీసేయాల్సి వచ్చింది. రెండు కంపెనీల పట్టాలు 1869లో కలిసింది కూడా ప్రొమాంటరీలోనే. పట్టాలు కలిసిన 31 ఏళ్లకు కూడా కొక్కేలు కలవలేదు.

కింది కోర్టులు కంపెనీ వైపే తీర్పు చెప్పాయి. కానీ 1904లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. దేనికది బాగుంటే చాలదు, ఒకదానితో ఒకటి తగులుకోవాలి అంది.

ఆ వంశానికి చెందిన కప్లర్లే ఇవాళ ఇండియాలో గూడ్సు వ్యాగన్లకు, ఎల్‌హెచ్‌బి కోచ్‌లకు ఉన్నాయి. ఈసారి కాజీపేట వెళ్లినప్పుడు రెండు కోచ్‌ల మధ్య చూడండి. వంచిన వేళ్లు కనిపిస్తాయి.

ఇప్పుడు ఆ మాట. కమిటీ నిర్ణయించిన కొలతను తెలుగులో ఏమంటారని నిఘంటువులో వెతికితే "ప్రమాణం" అని ఉంది. అదేంటి, ప్రమాణం అంటే ఒట్టు కదా అని అమ్మమ్మని అడిగాను. రెండూ అదే మాట అంది. మొదట నాకు తికమకగా అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు. కాజీపేటలో తాతయ్యకు ఒక మనిషి ఇచ్చిన మాటనే, ఇక్కడ వంపుగా, అంగుళాలుగా కొలిచి కాగితం మీద పెట్టడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఈ రాత్రి ఆ చప్పుడు వినిపిస్తే అమ్మమ్మకి మళ్లీ చెప్తాను, మధ్యలో ఎవరూ లేరని.