ఒక 'నో', మూడు జవాబులు: విద్యానగర్–తార్నాక వాడుకలో వ్యతిరేకార్థం

ఇంగ్లీషు 'నో' ప్రశ్నకు జవాబుగా విడిగా నిలుస్తుంది. నామవాచకం ముందు చేరి ఆ వస్తువు లేమిని చెబుతుంది. 'నో బెటర్' వంటి చోట తరతమ భావాన్ని తోసిపుచ్చుతుంది. క్రియను వ్యతిరేకార్థంలోకి తిప్పే పని మాత్రం 'నాట్'ది. జవాబుగా కూడా 'నో' మొదటి నుంచీ ఒంటరి కాదు. మధ్యయుగపు ఇంగ్లీషులో మామూలు ప్రశ్నకు 'నేయ్' అని, వ్యతిరేకంగా అడిగిన ప్రశ్నకు 'నో' అని చెప్పే తేడా ఉండేది. తర్వాతి కాలంలో అది చెరిగిపోయి రెండు చోట్లా 'నో' నిలిచింది.

తెలుగులో ఈ జవాబు మూడుగా చీలుతుంది. హైదరాబాదు విద్యానగర్ స్టేషన్లో రైలెక్కినవారు తర్వాతి స్టేషన్ ఆర్ట్స్ కాలేజీయేనా అని అడిగితే వచ్చే జవాబు 'కాదు, జామై ఉస్మానియా'. ఉస్మానియా ప్రాంగణంలో ఆచార్యులు గదిలో ఉన్నారా అంటే 'లేరు'. తార్నాక హోటల్లో ఇంకో టీ కావాలా అంటే 'వద్దు'. ఒక వస్తువు మరొకటి కాదనడం, ఉనికి లేదనడం, అక్కర లేదనడం వేర్వేరు సంగతులు. తమిళంలో అల్ల, ఇల్లై, వేండాం, కన్నడంలో అల్ల, ఇల్ల, బేడ కూడా ఇదే విభజనను పాటిస్తాయి.

ఈ మూడూ క్రియారూపాలే. 'కాదు' అవు ధాతువుకు వ్యతిరేక రూపం. 'లేదు'కు సొంత అనుకూల రూపం లేదు, ఆ పని 'ఉండు' చేస్తుంది. 'వద్దు' పాత 'వలదు' నుంచి వచ్చింది. 'కాదు', 'లేదు' పురుష, వచనాలను బట్టి కాను, కావు, కారు; లేను, లేవు, లేరు అని మారతాయి. 'వద్దు' మారదు. మిగతా క్రియల్లో వ్యతిరేకార్థం ధాతువులోనే కలిసిపోతుంది: రాను, రావు, రాడు, రారు. భూతకాలంలో మాత్రం నేను రాలేదు, వాళ్లు రాలేదు అని అందరికీ ఒకటే రూపం. 1962 నుంచి ఉస్మానియా భాషాశాస్త్ర శాఖలో ఆచార్యులుగా పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణం ఈ కాలపు తెలుగు నిర్మాణాన్ని వివరించే ప్రామాణిక గ్రంథాల్లో ఒకటి.

తెలంగాణ వాడుక ఇక్కడ మరో అడుగు వేసింది. 'రాలేదు' అన్నది 'రాలే' అవుతుంది. కోస్తా వాడుకలో 'రావట్లేదు' అందరికీ సరిపోతే, తెలంగాణలో వస్తలేను, వస్తలేడు, వస్తలేరు అని పురుషభేదం స్పష్టంగా నిలుస్తుంది. పక్కనే వినిపించే దక్కనీ ఉర్దూలోనూ 'నై' వేరు, 'నక్కో' వేరు. మరాఠీ 'నకో' నుంచి వచ్చిన ఈ 'నక్కో' కచ్చితంగా 'వద్దు' స్థానంలో వస్తుంది. అందుకే నగరంలో రెండు భాషల మధ్య తిరిగేవారికి ఈ జంట తికమక పెట్టదు.

ఇన్ని రూపాలున్న తెలుగులోకి వచ్చిన 'నో' ముఖ్యంగా నామవాచకాల ముందు స్థిరపడింది. విద్యార్థి చదువు ముగించి తీసుకునే 'నో డ్యూస్' పత్రంలో దాని అర్థం బాకీ 'లేదు'. క్రికెట్ 'నో బాల్'లో అది సరైన బంతి 'కాదు'. 'నో పార్కింగ్', 'నో ఎంట్రీ' బోర్డుల్లో మాత్రం అది నిషేధం. ఆ నిషేధాన్ని తెలుగు నామం ముందు కాక క్రియ చివర ఉంచి 'వాహనాలు నిలపరాదు' అంటుంది. అందువల్ల ఈ పదబంధాలు ఒక్కొక్కటీ మొత్తంగా వచ్చిన అరువు మాటలే. తెలుగు మాటల ముందు 'నో' చేర్చి కొత్తవి పుట్టించడం సరదా మాటలకే పరిమితం.

రెండో చోటు 'నో చెప్పడం'. 'లేదన్నాడు' అంటే లేమి, 'వద్దన్నాడు' అంటే అక్కర లేకపోవడం లేదా వారింపు. 'నో చెప్పాడు' ఆ వివరాలు విడిచి నిరాకరణను మాత్రమే తెలుపుతుంది. దీనికి దగ్గరి తెలుగు క్రియ 'కాదను'. అయితే 'కాదనలేకపోయారు' అన్నప్పుడు వినిపించే మొహమాటం 'నో'లో లేదు. 'వద్దండీ', 'లేదండీ' అన్నంత సులువుగా మన్నన కూడా దానికి అతకదు. 'నో సర్' అని ఇంగ్లీషు సంబోధననే తోడు తెచ్చుకోవాలి.

ఈ తేడాలు ఇంగ్లీషు నేర్చుకునేవారికి రెండు చోట్ల అడ్డుపడతాయి. 'పరీక్ష రాయలేదా?' అన్నదానికి తెలుగులో 'అవును, రాయలేదు' అనవచ్చు. ఆ 'అవును' అడిగినవారి ఊహను సమర్థిస్తుంది. ఇంగ్లీషు జవాబు క్రియను బట్టి నడుస్తుంది కనుక అక్కడ 'నో' తప్పదు. రెండోది, 'ఎవరూ రాలేదు'లో వ్యతిరేకార్థం క్రియలో ఉంటే, ఇంగ్లీషు 'నోబడీ కేమ్'లో అది కర్తకు మారుతుంది. 1958లో హైదరాబాదులో మొదలై, నేడు తార్నాక పక్కన ఇఫ్లూ (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)గా ఉన్న కేంద్రీయ ఆంగ్ల సంస్థ వంటి చోట్ల ఇంగ్లీషు బోధనకు శిక్షణ పొందేవారికి ఈ రెండూ తప్పక తెలియాల్సిన విషయాలు.

ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు 'నో' కింద కాదు, లేదు, వద్దు అని వరసగా ఇస్తే సరిపోదు. ఏ ప్రశ్నకు ఏది జవాబో, నిషేధానికి ఏ క్రియారూపం కావాలో ఉదాహరణలతో చూపినప్పుడే ఆ పద వివరణ పూర్తవుతుంది.