అల్ప్రాజోలం: నిజామాబాద్ జిల్లాలో మందూ, మత్తూ

తీవ్రమైన ఆందోళనకు, పానిక్ జబ్బుకు డాక్టర్లు రాసే బెంజోడయాజెపీన్ రకం మాత్ర. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచుతుంది. నిజామాబాద్ జిల్లాలో మాత్రం ఈ పేరు ఎక్కువగా కల్తీ కల్లు కేసుల్లోనే వినిపిస్తుంది. అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి కల్లు పేరుతో అమ్మడం ఇక్కడ చాలాకాలంగా ఉన్న దారుణం. 2015లో ఆబ్కారీ దాడులతో ఆ కల్లు ఒక్కసారిగా దొరకకుండా పోయింది. దాంతో ఉమ్మడి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎందరో వణుకు, మూర్ఛ, వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్లను తాగుబోతులని తీసిపారేయడం అన్యాయం. వాళ్లు మత్తుమందుకు బానిసలైన రోగులు.

డాక్టరు రాసిన మాత్ర కూడా ఒంట్లో ఇలాగే పనిచేస్తుంది. రోజూ కొన్ని వారాలు వాడినా అలవాటు పడవచ్చు. ఉన్నట్టుండి మానితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి, డాక్టరు పర్యవేక్షణలోనే మోతాదు మెల్లగా తగ్గించాలి. కల్లు, సారాలతో గానీ, మార్ఫిన్, ట్రమడాల్ వంటి నొప్పి మందులతో గానీ కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదముంది. మగతగా ఉన్నప్పుడు బండి, ట్రాక్టర్ నడపకూడదు. ఇది షెడ్యూల్ హెచ్1 మందు: చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మకం వివరాలు దుకాణం రిజిస్టరులో 3 ఏళ్లు ఉంచాలి. మానసిక ఇబ్బందులకు ఉచిత సలహా ఇచ్చే టెలిమానస్ నంబరు 14416.