జీవో 111

జీవో 111 అనునది హైదరాబాదు నగరానికి పడమటనున్న ఉస్మాన్ సాగర్ (గండిపేట), హిమాయత్ సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడుటకై 1996 మార్చి 8న అప్పటి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం జారీచేసిన ఉత్తర్వు. 84 గ్రామాలు, సుమారు 1,32,600 ఎకరాల భూమి దీని పరిధిలోనికి వచ్చినవి. ఈ ఉత్తర్వు భూమిని ప్రభుత్వపరం చేయలేదు. యజమానుల చేతనే ఉంచి, అందులో ఏమి కట్టరాదో మాత్రమే నిర్దేశించినది. తరువాతి వివాదాలన్నింటికీ మూలమిదే.

నేపథ్యం

1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరదలో సుమారు 15,000 మంది మరణించారు. నిజాం ప్రభుత్వం ఆహ్వానంపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువన వరదనీటిని నిలుపుటకు జలాశయాలను ప్రతిపాదించారు. మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీ నదిపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తయినవి. వరద కోసం కట్టిన ఈ రెండే దశాబ్దాలపాటు నగరానికి తాగునీటిని కూడా అందించినవి.

నిబంధనలు

చెరువుకు కట్ట ఎంత ముఖ్యమో, నీరు పారివచ్చే నేల అంత ముఖ్యం. అందుచేత జలాశయాల పూర్తిస్థాయి నీటిమట్టం నుండి 10 కిలోమీటర్ల లోపల కాలుష్య కారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించారు. పరీవాహక ప్రాంతంలో 90 శాతం భూమిని వ్యవసాయంతో సహా పరిరక్షణ, వినోద అవసరాలకే కేటాయించారు. కొత్త లేఅవుట్లలో 60 శాతం స్థలాన్ని ఖాళీ జాగాలకు, రోడ్లకు విడువవలెను. చిలుకూరు వద్దనున్న మృగవని జాతీయ వనం కూడా ఈ ప్రాంతంలోనిదే.

సుప్రీంకోర్టు తీర్పు

పెద్దషాపూర్ గ్రామంలో తలపెట్టిన ఒక నూనెల కర్మాగారానికి ప్రభుత్వమే 1997లో ఈ నిషేధం నుండి మినహాయింపు ఇచ్చినది. తాను వేసిన కంచెను తానే తీసినట్లయినది. వివాదం సుప్రీంకోర్టుకు చేరగా, హాని కలుగదని నిరూపించు భారం పరిశ్రమదేనని 1999లో న్యాయస్థానం పేర్కొన్నది. జస్టిస్ ఎం.జగన్నాథరావు సభ్యులుగానున్న ధర్మాసనం 2000 డిసెంబరు 1న ఆ మినహాయింపు చెల్లదని తీర్పునిచ్చినది.

అభ్యంతరాలు, సడలింపు

పొరుగునున్న కోకాపేట వంటి చోట్ల ధరలు ఆకాశాన్నంటగా, తమ భూములకు విలువ లేకపోయినదని 84 గ్రామాల రైతులు వాపోయారు. ఈ బాధ నిరాధారమైనది కాదు. నగరమంతటి నీటికోసం వారు నష్టపోయినా, ఉత్తర్వులో పరిహారం ప్రస్తావన లేదు. మరొక ప్రక్క సంపన్నుల ఫాంహౌసులు ఇదే పరిధిలో వెలసినవి.

కృష్ణా, గోదావరి జలాలు వచ్చిన పిదప నగరపు నీటిలో ఈ జలాశయాల వాటా 1.25 శాతానికి లోపేనని చూపుతూ, తెలంగాణ ప్రభుత్వం 2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ఆంక్షలను సడలించినది. 2023 మే 18న మంత్రివర్గం జీవో 111ను పూర్తిగా రద్దుచేయ నిర్ణయించినది. ఈ వాదన తాగునీటికే పరిమితం. జలాశయాలు కట్టినది వరద కొరకు. 2020 అక్టోబరు వానలకు హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తవలసివచ్చినది. 2024 ఆగస్టులో ఉస్మాన్ సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం పరిధిలో కట్టిన కొన్ని భవనాలను హైడ్రా సంస్థ కూల్చివేసినది.