సభ నుంచి శిబిరానికి: దెగ్లూర్ సీమలో యువత, 1938–1948

ఈనాడు కామారెడ్డి జిల్లాలో ఉన్న పెద్దకొడప్‌గల్‌కు ఇరుగుపొరుగైన బిచ్కుంద, జుక్కల్ ప్రాంతాలు 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలో సర్కిళ్లుగా, అంటే తాలూకా కింది రెవెన్యూ విభాగాలుగా ఉండేవి. అందువల్ల నిజాం పాలన చివరి పదేళ్లలో ఈ సీమ యువత ఆయుధం వైపు మళ్లిన తీరును నల్లగొండ, వరంగల్‌ల రైతాంగ పోరాటంతో కంటే మరాఠ్వాడా చరిత్రతో కలిపి చూడడమే సమంజసం.

ముందస్తు అనుమతి లేనిదే సభ జరపరాదనే ‘గస్తీ నిషాన్ 53’ ఉత్తర్వు అప్పటికే అమలులో ఉండగా, 1938 సెప్టెంబరులో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను అది ఏర్పడకముందే ప్రభుత్వం నిషేధించింది. ఆ నవంబరులో వందేమాతరం పాడరాదన్న ఆజ్ఞను ధిక్కరించి ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి బహిష్కృతులైన విద్యార్థులలో పలువురికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది, వారిలో పి.వి. నరసింహారావు ఒకరు. పాట పాడినందుకు చదువు పోగొట్టుకున్న ఆ విద్యార్థే పదేళ్లు తిరిగేసరికి సరిహద్దు ఆవల చాందాలోని సాయుధ శిబిరంలో పనిచేశాడు. ఈ మార్పుకు పేదరికం గాని, యవ్వనపు దుడుకుతనం గాని చాలిన కారణాలు కావు.

అసలు మలుపు 1947 ఆగస్టులో వచ్చింది. ఒకప్పుడు మోమినాబాద్‌లో ప్రధానోపాధ్యాయుడిగా ఉండి, తన శిష్యులనే ఉద్యమంలోకి తెచ్చిన స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థ అరెస్టు కావడంతో, సత్యాగ్రహానికి హద్దులు గీసి కుర్రవాళ్లను నిలువరించగల పెద్దలు చాలావరకు జైలు పాలయ్యారు. బయట మిగిలినవారికి సరిహద్దు ఆవల బేరార్, మధ్యపరగణాలు, బొంబాయి రాష్ట్రాలలో శిబిరాలు, వాటిలో తుపాకులు, తోటి వయసువారి సాంగత్యం దొరికాయి. డిసెంబరు 4న నారాయణరావు పవార్ అనే న్యాయశాస్త్ర విద్యార్థి నిజాం కారుపై బాంబు విసిరాడు. 1948 జనవరిలో ఉమర్‌ఖేడ్ శిబిరంవారు నాందేడ్ జిల్లాలోని ఉమ్రీ బ్యాంకును కొల్లగొట్టారు.

ఎదుటి పక్షాన నిలిచినవారూ చాలావరకు యువకులే. లాతూరు వకీలు ఖాసిం రజ్వీ నడిపిన రజాకార్లు, అనగా ఇత్తెహాదుల్ ముస్లిమీన్ స్వచ్ఛంద దళాలవారు, ప్రతి ముస్లిమూ రాజ్యాధికారంలో భాగస్వామే అన్న ‘అనల్ మాలిక్’ సిద్ధాంతాన్ని విని పెరిగారు. ఆ అధికారం చేజారుతుందన్న భయం సామాన్య యువకుణ్ణి కూడా దళంలోకి నడిపించింది. వారి అకృత్యాలను విస్తారంగా నమోదు చేసిన మన చరిత్ర రచన ఈ భయం జోలికి పెద్దగా పోలేదు.

1948 సెప్టెంబరు 13న మొదలైన భారత సైనిక చర్య, అంటే ‘పోలీసు చర్య’, అయిదు రోజులలో ముగిసినా హింస ఆగలేదు. ఆ తరువాత సంస్థానంలో పర్యటించిన పండిత సుందర్‌లాల్ బృందం మృతుల సంఖ్యను 27,000 నుంచి 40,000 వరకు అంచనా వేసి, అత్యధికంగా దెబ్బతిన్న నాలుగు జిల్లాలలో ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్‌లతో పాటు నాందేడ్‌ను చేర్చింది. మృతులలో అత్యధికులు ముస్లింలు. షోలాపూర్ మొదలైన పట్టణాల నుంచి శిక్షణ పొంది ఆయుధాలతో వచ్చినవారు కొన్నిచోట్ల దాడులకు నాయకత్వం వహించారని కూడా ఆ నివేదిక పేర్కొంది. భారత ప్రభుత్వం దానిని దశాబ్దాలపాటు ప్రచురించలేదు.