శ్రీనాథ: పేరు, అర్థం, పుట్టుక

శ్రీనాథ అనేది సంస్కృతం నుండి తెలుగులోకి వచ్చిన పురుషనామం. 'శ్రీ' అనగా సంపద, శోభ, లక్ష్మీదేవి. 'నాథుడు' అనగా ప్రభువు, రక్షకుడు. కాపాడేవారు లేని బిడ్డను అనాథ అంటాము. అందులో ఉన్నదీ ఈ నాథ శబ్దమే. లక్ష్మికి నాథుడు గనుక శ్రీనాథుడంటే విష్ణుమూర్తి. రఘునాథ, విశ్వనాథ, జగన్నాథ అనే పేర్లూ ఇదే తీరున ఏర్పడినవి.

తెలుగు పద్ధతిలో చివర 'డు' చేరి శ్రీనాథుడు అవుతుంది. నేటి వాడుక శ్రీనాథ్. ఇందులో 'థ' వ్రాయాలి. 'నాధ' అని వ్రాయడం తెలుగునేల మీద కూడా తరచు కనిపించే పొరపాటు. తోటలకు వచ్చిన మన పెద్దల పేర్లు రిజిస్టర్లలో గుమాస్తా చెవికి తోచినట్టు ఎక్కాయి. వాటిని రోమన్ అక్షరాలలో చదివి నేర్చుకున్న మనకు థ, ధ భేదం తెలియకుండా పోయింది.

ఈ పేరుగల వారిలో తెలుగువారికి ముందు గుర్తుకు వచ్చేది కవిసార్వభౌముడు శ్రీనాథుడు. ఆయన 14, 15 శతాబ్దాలవాడు. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారి. శృంగార నైషధము, కాశీఖండము ఆయన కావ్యాలు.

బహ్రెయిన్ రాజధాని మనామాలో ఈ పేరుతోనే శ్రీనాథ్‌జీ ఆలయం ఉంది. సింధులోని థట్టా నుండి వచ్చిన వర్తకుల సమాజం 1817లో దానిని స్థాపించింది. 2019 ఆగస్టులో భారత ప్రధాని నరేంద్ర మోదీ దాని పునర్నిర్మాణాన్ని ప్రారంభించారు. అక్కడి మూర్తి గోవర్ధనగిరిని ఎత్తిన బాలకృష్ణుడు. ఈ స్వామి ప్రధాన క్షేత్రం రాజస్థాన్‌లోని నాథద్వారా.

అది ఉత్తరాదివారి గుడి, మనకేమి సంబంధమని మన పిల్లలు అనడం మేము విన్నాము. సంబంధం ఉంది. శ్రీనాథ్‌జీ సేవను నెలకొల్పిన వల్లభాచార్యులు (1479–1531) తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. తల్లి పేరు ఇల్లమ్మ. స్వామికి శ్రీనాథ్‌జీ అనే పేరు పెట్టినది వల్లభుల కుమారుడు విఠ్ఠలనాథుడని ఆ సంప్రదాయంవారు చెబుతారు. తెలుగునేలకు దూరమై ఉత్తరాదిన స్థిరపడిన ఇంటివారు పెట్టిన పేరు అది. అదే నేడు సముద్రం దాటి మనామాలో వినిపిస్తున్నది.

మీ ఇంట శ్రీనాథ్ ఉంటే, ఆ పేరును అతనిచేత తెలుగులో వ్రాయించండి. 'థ' దగ్గర చేయి పట్టి దిద్దించండి.