ట్రాన్స్‌జెండర్ ఐడీ కార్డు: ఉద్దానం నుంచి ఫోన్‌లోనే అప్లై చేయొచ్చు.. హక్కులేంటంటే?

పలాస, టెక్కలి, ఉద్దానం తీర గ్రామాల ట్రాన్స్‌జెండర్లు గుర్తింపు కార్డు కోసం శ్రీకాకుళం కలెక్టరేట్ చుట్టూ తిరగాల్సిన పని లేదు. 2019 చట్టం, 2020 నిబంధనల ప్రకారం కేంద్రం పోర్టల్‌లో ఇంటి నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు.

ఏం కావాలి?: జిల్లాలో 12 నెలలుగా నివాసం ఉండాలి. అఫిడవిట్ జత చేయాలి. 2020 నిబంధనల్లో వైద్య పరీక్ష అడగకూడదని ఉండేది. కలెక్టర్ 30 రోజుల్లో సర్టిఫికెట్, ఐడీ కార్డు ఇవ్వాలి. తిరస్కరిస్తే 90 రోజుల్లోగా అప్పీలుకు వెళ్లొచ్చు.

గెంటేస్తే?: ట్రాన్స్‌జెండర్‌ను ఇంట్లోంచి, ఊళ్లోంచి వెళ్లగొట్టడం నేరం. కొట్టినా, వేధించినా అంతే. 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా జైలు, జరిమానా.

పెన్షన్: ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి అర్హులకు నెలకు రూ.4,000.

పెళ్లయ్యాక వేధిస్తే?: పురుషుడిని పెళ్లాడిన ట్రాన్స్ మహిళ కూడా 498ఏ కింద ఫిర్యాదు చేయొచ్చని 2025 జూన్‌లో ఏపీ హైకోర్టు చెప్పింది.

గే, లెస్బియన్ల సంగతి?: మేజర్ల ఇష్టపూర్వక బంధం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. స్వలింగ వివాహాలకు చట్టబద్ధత ఇవ్వడానికి మాత్రం 2023 అక్టోబర్ 17న నిరాకరించింది. ఆ నిర్ణయం పార్లమెంటుదేనని తేల్చింది.